మూడు వందల పన్నెండో పేజీ, ఏడో పంక్తి

నవల నాది కాదు.
జామ్‌నగర్‌లో వెండి కొట్ల వెనక సందు,
రెండు ట్రెడిల్ మిషన్ల ప్రెస్సు.
ప్రూఫులు దిద్దడం నా పని.
ఛబీల్‌దాస్ మాస్టారు రాసిన మంత్రి
ఫారానికి పదహారు పేజీల చొప్పున
తడి సిరా వాసనతో నా బల్ల మీదికొచ్చేవాడు.

పేరు ఆసపాలుడు.
ఎనిమిది వందల ఏళ్ల కిందటి కోటలో
ఖజానా తాళాలూ సైన్యం లెక్కలూ ఆయనవే.
దాహమేస్తే
నాలుగు మడతల నూలు గుడ్డలో నీళ్లు వడకట్టేవాడు.
ఆ గుడ్డను మళ్లీ అదే బావిలోకి దించి
కంటికానని ప్రాణులను
వాటి ఇంట్లో వాటిని దిగబెట్టేవాడు.
పొద్దు గూకాక గుక్కెడు నీళ్లైనా ముట్టడు.
ఇదంతా నలభై మూడో పేజీ.

పేజీ తిప్పితే అదే మనిషి
రెండు వేల అమ్ముల లెక్క సరిచూసి
ముద్ర వేస్తాడు.

నాకు నమ్మకం కుదరలేదు.
నిజం చెప్పాలంటే, కసి.
చీమలకు పంచదార చల్లే చేత్తోనే
మా నాన్న నోటు తిరగరాయించి
వడ్డీకి వడ్డీ కట్టిన శేఠ్ ఒకడు
మా వీధిలోనే ఉండేవాడు.
వాడి గుమ్మం ముందు
చీమలు బాగా బలిసి ఉండేవి.
ఈ మంత్రి కూడా
ఎక్కడో ఒకచోట దొరక్కపోడని
ఎర్ర సిరా పోసుకుని కాపు కాశాను.

దొరికాడు.
"ఆసపాలుడు ఆ నీళ్లు తాగాడు."
అప్పటికి రాత్రి రెండో జాము,
చుక్కలు పొడిచాయని పై పేరాలోనే ఉంది.
వడకట్టిన ఊసే లేదు. తోలుతిత్తి నీళ్లు.
వాక్యం అడ్డంగా కొట్టేసి అంచున రాశాను:
"43వ పేజీ చూడండి. మంత్రి రాత్రి నీళ్లు తాగడు."
ఆ సంతోషంలో రెండో టీ కూడా చెప్పాను.

మూడో రోజు ప్రూఫు తిరిగొచ్చింది.
నేను కొట్టేసిన మాటల కింద
వరసగా చుక్కలు.
మా అచ్చుపని భాషలో దానర్థం:
ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి.
ఇంకో అక్షరం రాయలేదు మాస్టారు.

అప్పుడు చదివాను ఆ పేజీ.
అంతకుముందు దిద్దానంతే.

పట్టుబడిన శత్రుపక్షపు కుర్రాడు,
మీసమింకా రాలేదు,
డొక్కలో విరిగిన ఈటె ముక్క.
నాలుక పిడచగట్టుకుపోతున్నా
తిత్తి నోటికందిస్తే పళ్లు బిగించేశాడు,
విషమనుకుని.
వైద్యుడు బతిమాలాడు.
కావలివాడు వాడి అమ్మను తిట్టాడు.
మంత్రి ఆకాశం కేసి ఒకసారి చూశాడు.
ముప్పై ఏళ్ల వ్రతం.
తిత్తి తీసుకుని, దివిటీ వెలుతుర్లోకి జరిగి,
గుటక పడడం ఆ కుర్రాడికి కనపడేలా
మెడ పైకెత్తి
తాగాడు.
ఆ తర్వాత వాడు తాగాడు.
తెల్లారేలోపు పోయాడు కూడా.
ఆ చావును మాస్టారు సగం వాక్యంలో తేల్చేశారు.

పొద్దున్నే మంత్రి గురువు ముందు కూర్చుని
ప్రాయశ్చిత్తం విధించమన్నాడు.
"దేనికి?"
"నీళ్లకు."
కాసేపాగి అన్నాడట:
"బాణాలకు అడగడానికి
ఇంకా నోరు రావడం లేదు."

అక్కడొక అక్షరం తలకిందులుగా పడింది.
చూశాను. చాలాసేపు దిద్దలేకపోయాను.

దీపం దగ్గర పెట్టి చూస్తే
మాస్టారు పెట్టిన చుక్కలు
తడిగుడ్డ మీద మిగిలిన
పేరు లేని ప్రాణుల్లా ఉన్నాయి.
అంచున నేను రాసింది రబ్బరుతో పోదు, ఎర్ర సిరా.
బ్లేడుతో గీకాను,
కాగితం పలచబడింది గానీ చిరగలేదు.
ఫారం అచ్చుకు పంపించాను.

శేఠ్‌ను మాత్రం క్షమించలేదు.
వాడి గుమ్మం మీదుగా ఇంటికెళ్తుంటే
ఆ సాయంత్రం చీమలు బారు కట్టి పోతున్నాయి.
తొక్కకుండా
దాటాను.